నాలుగొందల పదిహేడు, పద్దెనిమిది

హవల్లీలో, కుట్టుమిషన్ల అంగడి పైన,
మెట్లెక్కితే ఎడం పక్క తలుపు నాది.
బల్ల మీద రెండు మైకులు.
ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే ఏడు,
పొట్ట మీద చెక్కిన నంబర్లు కూడా
ముందొకటి, వెనకొకటి.

"రెండూ ఒకటిగా పలకాల, పెంచల్" అన్నాడు బూ ఫహద్.
సగం అరబ్బీ, సగం హిందీ, మిగిలింది చేతులు.
"కవలలు గదా,
ఇదెందుకు గొణుగుతాది, అదెందుకు గీరతాది?"

నేనేం చెప్పేది?
రాయచోటి సంతలో మాయమ్మ
కుండల్ని వేలికణుపుతో తట్టి చూసేది.
ఒకే చెరువు మన్ను, ఒకే సారె, ఒకే ఆవం,
అయినా పదింట్లో ఒక్కదాన్నే
"ఆఁ, ఇది" అని చంకనెత్తుకునేది.
అమ్మే ఆమె నవ్వేది:
"మంట ఏ పక్క ఎక్కువ నిలబడిందో
నాకేం తెలుసు తల్లీ!"

విప్పినాను.
లోపల రూపాయి బిళ్ళ కంటే రవ్వంత పెద్ద పొర.
దాని పక్కన పెడితే ఉల్లిపొర దుప్పటే.
పైన బంగారు పూత.
ఏ చలిదేశంలోనో ఒకామె చేత్తో బిగించింటాది:
ఒకటి జొరం రాకముందు,
ఒకటి వచ్చి తగ్గినాక.
తేడా అక్కడే మొదలు.

మిగతాది కువైట్ చేసిన పని.
పదిహేడు, పాటగాళ్ళ ముందు ముప్పై ఏండ్లు నిలబడింది.
తోజ్ లేచిన రోజుల మెత్తని దుమ్ము,
బఖూర్ పొగ, సిగరెట్ల జిడ్డు,
నూనె బావులు మండి పట్టపగలే దీపాలు పెట్టిన ఆ ఏటి మసి,
ముత్యాల పడవల మీద పాడిన ముసలాయన
పెదాలానించి పాడితే పడిన తుంపర,
ఒక్కో చోట పూత రాలి, చిన్న చిన్న కిటికీలు.

పద్దెనిమిది పెట్టెలోనే ఉండిపోయింది,
గుడ్డ చుట్టుకొని.
దాని పొర ఎండి బిర్రుగా ఉంది.
పాడకుండా కూడా గొంతు ముసలిదవుతాది.

మధ్యలో ఎవడో మెకానిక్
పదిహేడులో కెపాసిటర్ మార్చి
శనగ్గింజంత సోల్డర్ ముద్ద వదిలి పోయినాడు.
ట్యూబు వేరే కంపెనీది.
ఎవడో, ఏ ఊరోడో,
వాడి తొందర కూడా ఇందులో పలుకుతా ఉంది.

ఇదంతా బూ ఫహద్‌కి చెప్పింటే సరిపోయేది.
చెప్పలేదు.
పని తెలిసినోడి పొగరు.
డిస్టిల్డ్ వాటర్, సన్న కుంచె, దూదిపుల్లలు,
ఊపిరి తగలకుండా తల పక్కకి తిప్పి తిప్పి
నాలుగు రాత్రులు.
ఐదో రోజు మీటరు మీద రెండు గీతలూ
ఒకదాని మీదొకటి పండుకున్నాయి.
ఈల వేసినాను, ఒక్కణ్ణే.

బూ ఫహద్ వచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు.
పదిహేడు ముందు నిలబడి
ఒకటి, రెండు, మూడు, తెలుగులోనే లెక్కపెట్టినాను.
ఇరవై దాటినా చెయ్యెత్తలేదు.
ముప్పై ఆరు దగ్గర ఎత్తినాడు.

"బాగుంది."
దినార్లు ఇచ్చినాడు, ఐదు ఎక్కువే.
తలుపు దగ్గర ఆగి,
టైలరు దగ్గర చొక్కా తీసుకునేవాడి మాదిరి
అటూ ఇటూ తిప్పి చూసి,
"ఇది నాదేనా?" అనడిగినాడు.

నంబరు చూపించినాను.
చూసి తలూపినాడు.
తిట్టింటే బాగుండేది.

ఇప్పుడెవరైనా జత తెచ్చి
రెండూ ఒకటిగా పలకాలంటే
ముందు కూర్చోబెడతా. కింది నుంచి చాయ్ తెప్పిస్తా.
దీని ముందర ఎవరెవరు పాడినారని అడుగుతా.
జవాబు అయిపోయేదాకా
స్క్రూడ్రైవర్ ముట్టుకోను.

ఆ దూదిపుల్లలు పదకొండు.
పారేయలేదు, పారాసిటమాల్ డబ్బాలో ఉన్నాయి,
కొసలు ముదురు గోధుమ రంగు.
మూత సరిగ్గా పట్టదు.
రాత్రి ఏసీ ఆపితే
గదిలో కొంచెం ఊదు వాసన,
కొంచెం కిరసనాయిలు.